పిల్లల ఆర్థోపెడిక్స్‌లో అకడమిక్ సర్జన్ కావాలంటే

పిల్లల ఎముకలకి, కీళ్ళకి చికిత్స చేస్తూ, దాంతోపాటే పరిశోధన చేస్తూ, నేర్పుతూ ఉండే ఈ దారిలోకి రావాలనుకునే జూనియర్ డాక్టర్లు మొదట అడిగేవి ఎప్పుడూ ఒకటే: ఎన్నేళ్ళు చదవాలి, ఏ ఫెలోషిప్ మంచిది, ఎన్ని పేపర్లు ఉంటే ఉద్యోగం వస్తుంది. వాటి గురించి కిందన రాస్తాను. అంతకంటే ముందు ఒక సంగతి బుర్రకెక్కితే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. పెద్దవాళ్ళకి తుంటి మార్పిడి చేసిన సర్జన్‌కి తన పని ఎలా కుదిరిందో ఏడాది తిరిగేసరికి చాలావరకు తెలిసిపోతుంది. మనకి అలా కుదరదు. ఏడాదిన్నర పిల్లకి జారిపోయిన తుంటిని సరిచేస్తే, అది నిజంగా బాగుపడిందా లేదా అన్నది ఆ పిల్ల ఎదుగుదల ఆగాక, ఒక్కోసారి ఆమెకి నలభై ఏళ్ళు వచ్చాక గానీ తేలదు. ఈలోగా ఎముక పెరుగుతూనే ఉంటుంది. పెరుగుతూ మన పనిని సరిదిద్దనూ వచ్చు, చెడగొట్టనూ వచ్చు. అందుకని ఈ రంగంలో ఆపరేషన్ చెయ్యడంతో పని సగమే అయినట్టు. ఇవ్వాళ చేసినదాని ఫలితాన్ని ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరో ఒకరు సరిగ్గా చూడగలిగేలా ఇవ్వాళే ఏర్పాటు చేసి పెట్టడం మిగతా సగం. అకడమిక్ సర్జన్ ఉన్నది ఆ సగం కోసం. ఉద్యోగం ఎంచుకునేటప్పుడైనా, పరిశోధన ప్రశ్న ఎంచుకునేటప్పుడైనా దీన్ని ముందు పెట్టుకుని చూడండి.

ఒక ఉదాహరణ చెప్తాను. 2003లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో స్టువర్ట్ వైన్‌స్టీన్ బృందం ఒక పేపర్ వేసింది. టీనేజీలో వెన్ను పక్కకి వంగిపోయే స్కోలియోసిస్ ఉండి, ఏ చికిత్సా తీసుకోనివాళ్ళు వయసు మళ్ళాక ఎలా ఉన్నారన్నది వాళ్ళ ప్రశ్న. 1932 నుంచి 1948 దాకా అయోవా విశ్వవిద్యాలయంలో చూపించుకున్నవాళ్ళలో 117 మందిని యాభై ఏళ్ళ తర్వాత వెతికి పట్టుకుని చూశారు. నడుం నొప్పి, ఒంటి తీరు గురించి అసంతృప్తి మామూలువాళ్ళకంటే వీళ్ళలో ఎక్కువే. అయినా ఎక్కువమంది పనులు చేసుకుంటూ, సంసారాలు చేసుకుంటూ బాగానే బతికారని తేలింది. ఇవ్వాళ ఓపీలో కంగారుగా కూర్చున్న పదమూడేళ్ళ అమ్మాయి తల్లికి మనం ఒక మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే అలాంటి పేపర్ల చలవే. మొదటి పేషెంటు వచ్చిన 1932 నాటికి వైన్‌స్టీన్ ఇంకా పుట్టనే లేదు. ఎవరో ఓపిగ్గా పేర్లు, ఎక్స్‌రేలు, అడ్రసులు దాచిపెట్టబట్టి ఆ పని జరిగింది.

ముందు ఇది మీకు పడుతుందో లేదో చూసుకోండి

బయటనుంచి చూస్తే పిల్లల ఆర్థోపెడిక్స్ అంటే పెద్ద పెద్ద ఆపరేషన్లు అనిపిస్తుంది. ఓపీలో ఒక నెల కూర్చుంటే అసలు రంగు తెలుస్తుంది. వచ్చేవాళ్ళలో చాలామందికి జబ్బే ఉండదు. దొడ్డికాళ్ళు, మోకాళ్ళు రాసుకోవడం, చదునుపాదాలు, వేళ్ళు లోపలికి పెట్టి నడవడం ఇవే ఎక్కువ. రెండేళ్ళ లోపు పిల్లల కాళ్ళు దొడ్డిగా ఉండటం మామూలు, మూడు నాలుగేళ్ళకి అవే మోకాళ్ళ దగ్గర లోపలికి వంగుతాయి, ఏడేళ్ళు వచ్చేసరికి ఇంచుమించు పెద్దవాళ్ళ కాళ్ళలా సర్దుకుంటాయి. ఈ సంగతి చెప్పి పంపించడానికి మీకు రెండు నిమిషాలు చాలు, కానీ ఆ తల్లిదండ్రులు నమ్మి ఇంటికి వెళ్ళడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. పైగా నాలుగేళ్ళ పిల్లాడికి ఒకే కాలు వంగి ఉంటే, లేదా తల్లి "రోజురోజుకీ ఎక్కువవుతోంది" అంటే, అది ఈ మామూలు లెక్కలోకి రాదు. ఆ ఒక్కడిని ఆ గుంపులోంచి పట్టుకోవడమే మన పని. ఆపరేషన్ వద్దని చెప్పడంలో మీకు తృప్తి లేకపోతే, ఈ స్పెషాలిటీ మీకు విసుగు పుట్టిస్తుంది. దాచిపెట్టకుండా చెప్తున్నాను.

పరీక్ష చెయ్యడం కూడా ఓపిక మీదే ఆధారపడి ఉంటుంది. మూడు నెలల పాప తుంటి చూడాలనుకోండి. గది వెచ్చగా ఉండాలి, మీ చేతులు వెచ్చగా ఉండాలి, పాప కడుపు నిండి ఉండాలి. ఏడుస్తున్న పాప తొడ కండరాలు బిగబట్టేస్తుంది. అప్పుడు ఎంత అనుభవం ఉన్న చేతికైనా కీలు లోపలికి జారిన ఆ చిన్న కదలిక అందదు. ఒక చేత్తో కటి ఎముకని కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో ఒక్కో తుంటినే చూడాలి. బొటనవేలు తొడ లోపలివైపు, మధ్యవేలు బయటివైపు ఎత్తుగా తగిలే ఎముక మీద. నెమ్మదిగా బయటికి తెరుస్తూ వేలితో పైకి ఎత్తాలి. బలం అస్సలు వాడకూడదు. 1937లో ఇటలీలో ఒర్టొలానీ అనే పిల్లల డాక్టరు రాసిన పద్ధతి ఇది, ఇప్పటికీ వాడుతున్నాం. మూడు నెలలు దాటేకొద్దీ ఈ గుర్తు కనపడటం తగ్గిపోతుంది, అప్పుడు తొడ పూర్తిగా తెరుచుకోకపోవడం చూసి పట్టుకోవాలి. ఇలాంటి చిన్న చిన్న వివరాల మీద మీకు ఆసక్తి కలుగుతుంటే రండి.

శిక్షణ

దేశాన్నిబట్టి మెట్లు మారతాయి. అమెరికాలో మెడికల్ స్కూల్ తర్వాత ఐదేళ్ళ ఆర్థోపెడిక్ రెసిడెన్సీ, ఆ తర్వాత ఏడాది ఫెలోషిప్. భారత్‌లో ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ళ పీజీ, ఆపైన ఫెలోషిప్. బ్రిటన్‌లో ఇంకా పొడుగు. దారి ఏదైనా, మొదట పూర్తి స్థాయి ఆర్థోపెడిక్ సర్జన్ కావాలి, ఆ తర్వాతే పిల్లల సర్జన్. జనరల్ ఆర్థోపెడిక్స్ రొటేషన్లని తొందరగా వదిలించుకోవాలని చూడకండి. ట్రామా, చేతి సర్జరీ, వెన్ను, కణుతులు ఇవన్నీ పిల్లల్లో మళ్ళీ ఎదురవుతాయి, చిన్న సైజులో, గ్రోత్ ప్లేట్ (ఎముక చివర ఉండే, ఎముక పొడవు పెరిగే చోటు) అనే అదనపు తలనొప్పితో.

గ్రోత్ ప్లేట్ గురించి అంకెలు నోటికి రావాలి. తొడ ఎముక కింది చివర ఏడాదికి సుమారు 9 మిల్లీమీటర్లు, మోకాలి కింద ఎముక పై చివర సుమారు 6 మిల్లీమీటర్లు పెరుగుతాయి. స్థూలంగా ఆడపిల్లలకి 14, మగపిల్లలకి 16 ఏళ్ళకి ఎదుగుదల ఆగుతుందనుకుని లెక్క వేస్తాం. భుజం దగ్గరి గ్రోత్ ప్లేట్ ఒక్కటే దండ ఎముక పొడవులో దాదాపు 80 శాతం ఇస్తుంది కాబట్టి అక్కడి విరుపు కాస్త వంకరగా అతికినా సర్దుకుంటుంది, మోచేయి దగ్గర అయితే సర్దుకోదు. ఏది వదిలెయ్యొచ్చు, ఏది వదలకూడదు అన్న తీర్పు అంతా ఇక్కడినుంచే వస్తుంది.

ఫెలోషిప్ ఎంచుకునేటప్పుడు హాస్పిటల్ పేరు చూసి మురిసిపోవద్దు. అక్కడ చదివి వచ్చినవాళ్ళని ఫోన్ చేసి నాలుగు ముక్కలు అడగండి. రాత్రి పదకొండుకి మోచేయి విరిగిన పిల్లాడు వస్తే ఎముకని కలిపి పట్టే వైరు ఎవరి చేతిలో ఉంటుంది, ఫెలో చేతిలోనా, కన్సల్టెంట్ చేతిలోనా? తుంటి తెరిచి సరిచేసే కేసుల్లో మీరు రిట్రాక్టర్ (కోసినచోటు తెరిచి పట్టే పరికరం) పట్టుకున్నవి ఎన్ని, మీరు చేసినవి ఎన్ని? సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపు తప్పే జబ్బు) పిల్లల క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుతో పాటు కూర్చునే అవకాశం ఉందా? పాత పేషెంట్లు మళ్ళీ ఫాలోఅప్‌కి వస్తారా? ఆఖరి ప్రశ్న చాలామంది అడగరు, నా లెక్కలో అదే ముఖ్యం. తాము పదేళ్ళ కింద చేసిన కేసులని ఫెలోలకి చూపించే చోట నేర్చుకున్నంత, కొత్త కేసులు మాత్రమే గుట్టలుగా ఉండే చోట నేర్చుకోలేరు.

చేతి పనిలో ఒకటి ఎంచుకుని లోతుగా నేర్చుకోమంటే, పొన్సెటి కట్లు అంటాను. పుట్టుకతో వంకర తిరిగిన పాదాన్ని ఆపరేషన్ లేకుండా వారం వారం కట్లు మార్చుతూ సరిచేసే పద్ధతి ఇది, మామూలుగా ఐదారు కట్లు పడతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదటి కట్టుతోనే పాదాన్ని బయటికి తిప్పేయబోతారు. అలా చెయ్యకూడదు. మొదటి కట్టులో ముందుపాదాన్ని కాస్త పైకెత్తి లోతైన అరికాలి వంపుని తీసెయ్యాలి, అంటే చూడటానికి వంకర ఇంకా ఎక్కువైనట్టే కనిపిస్తుంది. తర్వాతి కట్లలో పాదాన్ని బయటికి తిప్పుతున్నప్పుడు మీ బొటనవేలు టాలస్ అనే చీలమండ ఎముక తల మీద ఆనాలి. మడమ పక్కన నొక్కితే మడమ ఎముక తిరగడానికి దారి మూసుకుపోతుంది, పని చెడుతుంది. కట్టు తొడ దాకా ఉండాలి, మోకాలు 90 డిగ్రీల్లో. చివర్లో చాలామందికి మడమ వెనక ఉండే స్నాయువుని (అకిలిస్ టెండన్) ఒక చిన్న గాటుతో తెంపాల్సి వస్తుంది. ఆ తర్వాత బూట్ల బ్రేసు, మొదటి మూడు నెలలు రోజుకి 23 గంటలు, తర్వాత నాలుగేళ్ళ వయసు వచ్చేదాకా నిద్రపోయేటప్పుడు. వంకర తిరగబెట్టే కేసుల్లో చాలావాటికి కారణం కట్టు తప్పడం కాదు, బ్రేసు మానెయ్యడం. అందుకే ఇంట్లోవాళ్ళతో మాట్లాడటం కూడా ఈ చికిత్సలో ఒక భాగం.

ఇగ్నేషియో పొన్సెటి ఈ పద్ధతిని 1940ల చివర్లో మొదలుపెట్టారు, 1963లో పేపర్ వేశారు. ప్రపంచం పట్టించుకోలేదు. ఇంకో ముప్ఫై ఏళ్ళు అందరూ పాదాలని విస్తారంగా కోసి ఆపరేషన్లు చేస్తూనే ఉన్నారు, ఆ పాదాలు పెద్దయ్యాక బిగుసుకుపోయి నొప్పులు పెట్టాయి. 1995లో ఆయన పాత పేషెంట్లని ముప్ఫై ఏళ్ళ తర్వాత చూసిన ఫలితాలు అచ్చయ్యాయి, అప్పటినుంచి గాలి మళ్ళడం మొదలైంది. తల్లిదండ్రులు ఇంటర్నెట్‌లో ఒకరికొకరు చెప్పుకోవడం కూడా బాగా తోడ్పడింది. ఒక మంచి పద్ధతి ఉన్నంతమాత్రాన సరిపోదని, దీర్ఘకాలపు ఫాలోఅప్ చూపించేదాకా సర్జన్లు కదలరని ఇంతకంటే గట్టిగా చెప్పే కథ మన రంగంలో లేదు.

ప్రశ్న ఎంచుకోవడం

పరిశోధన మొదలుపెట్టేవాళ్ళకి అరుదైన జబ్బుల మీద మోజు ఉంటుంది. ఒక వింత కేసు కనపడగానే కేసు రిపోర్ట్ రాసేస్తారు. ఒకటి రెండు రాయండి, రాయడం అలవాటవుతుంది. అక్కడే ఉండిపోవద్దు. రోజూ ఓపీలో, ఎమర్జెన్సీలో ఎదురయ్యే మామూలు సమస్యలో "మనం ఎందుకు ఇలా చేస్తున్నాం?" అని అడిగితే చాలాసార్లు జవాబు "ఎప్పుడూ ఇలాగే చేస్తున్నాం కాబట్టి" అని వస్తుంది. అక్కడ తవ్వండి.

పిల్లలు పడితే మణికట్టు దగ్గర ఎముక విరక్కుండా ఉబ్బినట్టు నొక్కుకుపోయే గాయం ఒకటి ఉంటుంది, టోరస్ ఫ్రాక్చర్ అంటాం. పిల్లల గాయాల్లో ఇంత మామూలుది ఇంకొకటి దాదాపు లేదు. దీనికి గట్టి కట్టు వెయ్యాలా, మెత్తటి బ్యాండేజీ ఇచ్చి ఇంటికి పంపినా పర్వాలేదా? బ్రిటన్‌లో డానియెల్ పెర్రీ బృందం 965 మంది పిల్లలని రెండు గుంపులుగా చేసి చూసింది, 2022లో లాన్సెట్‌లో వచ్చింది. మూడో రోజు నొప్పి రెండు గుంపుల్లోనూ ఒకటే. చూడటానికి చాలా చిన్న ప్రశ్న. కానీ ఆ జవాబు వల్ల ఎంతమంది పిల్లలకి అనవసరపు కట్టు, మళ్ళీ మళ్ళీ క్లినిక్ చుట్టూ తిరగడం తప్పుతుందో ఆలోచించండి.

మీ దగ్గర వచ్చిన ఫలితం ఇంకో చోట నిలబడుతుందా అన్నది రెండో పాఠం. తుంటి నొప్పితో వచ్చిన పిల్లాడికి కీలులో చీము పట్టిందా, లేక తనంతట తగ్గిపోయే వాపా అన్నది అర్ధరాత్రి తేల్చాల్సిన విషయం, ఆలస్యమైతే కీలు పాడవుతుంది. 1999లో మినిండర్ కోచర్ బృందం నాలుగు గుర్తులు చెప్పింది: జ్వరం, కాలు మోపలేకపోవడం, రక్తపరీక్షలో ఈఎస్‌ఆర్ (వాపుని చూపించే అంకె) 40 లేదా ఆపైన, తెల్లకణాలు 12,000 పైన. నాలుగూ ఉంటే చీము ఉండే అవకాశం 99.6 శాతం అని వచ్చింది. అదే బృందం 2004లో కొత్త పేషెంట్ల మీద మళ్ళీ చూస్తే 93 అయింది. అదే ఏడాది వేరే హాస్పిటల్‌వాళ్ళు తమ పేషెంట్ల మీద చూస్తే 59 మాత్రమే. దీంతో ఆ గుర్తులు పనికిరావని కాదు, ఇప్పటికీ వాడతాం. కాకపోతే వాటిని పిల్లాడి ముఖం చూసి, చెయ్యి వేసి, అల్ట్రాసౌండ్‌తో కలిపి వాడతాం. జూనియర్‌గా మీరు చెయ్యగల చాలా మంచి పని ఇదే: పేరున్న ఒక స్కోరునో వర్గీకరణనో తీసుకుని మీ పేషెంట్లలో నిజాయితీగా పరీక్షించడం. పెద్ద నిధులేమీ అక్కర్లేదు.

ఇక మూడోది, ఒంటరిగా చెయ్యాలనుకోవద్దు. పిల్లల ఆర్థోపెడిక్స్‌లో చాలా జబ్బులు ఏ ఒక్క హాస్పిటల్‌కీ సరిపడా రావు. పెర్తెస్ (పిల్లల్లో తుంటి బంతికి రక్తం అందక దెబ్బతినే జబ్బు) మీద జాన్ హెరింగ్ బృందం 2004లో వేసిన అధ్యయనం ఇందుకు చక్కటి నమూనా. అక్కడ ప్రతి సర్జన్ తనకి నమ్మకం ఉన్న ఒకే చికిత్సని తన పేషెంట్లందరికీ ఇస్తానని ఒప్పుకున్నాడు, తర్వాత అందరి ఫలితాలనీ పక్కపక్కన పెట్టి చూశారు. 438 మందితో మొదలైంది, ఎదుగుదల ఆగేదాకా చూడగలిగింది 337 మందిని. అంత గట్టి బృందానికే వంద మంది దాకా చేజారారంటే, మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో తెలుస్తుంది.

ర్యాండమైజ్ చెయ్యడం, అంటే ఎవరికి ఏ చికిత్సో లాటరీ వేసి తేల్చడం, కూడా పిల్లల్లో కష్టం. స్కోలియోసిస్‌కి ఒంటి చుట్టూ వేసే గట్టి బ్రేసు నిజంగా పనిచేస్తుందా అని చూసిన బ్రెయిస్ట్ ట్రయల్‌లో చాలా కుటుంబాలు "లాటరీకి ఒప్పుకోం, మేమే ఎంచుకుంటాం" అన్నాయి. పరిశోధకులు పట్టుదలకి పోకుండా, ఎంచుకున్నవాళ్ళని ఒక గుంపుగా, లాటరీకి ఒప్పుకున్నవాళ్ళని ఇంకో గుంపుగా పెట్టి అధ్యయనం నడిపారు. మొత్తం 242 మంది. 2013లో ఫలితం: బ్రేసు వేసుకున్నవాళ్ళలో 72 శాతం మందికి ఆపరేషన్ స్థాయికి వెళ్ళకుండా ఆగింది, ఊరికే గమనించిన వాళ్ళలో 48 శాతం మందికి. తేడా అంత స్పష్టంగా కనపడేసరికి ట్రయల్‌ని ముందే ఆపేశారు. నాకు అన్నిటికంటే నచ్చింది, బ్రేసులో ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ పెట్టడం. పిల్లలు చెప్పిన గంటలు కాదు, నిజంగా వేసుకున్న గంటలు లెక్కకొచ్చాయి. ఎక్కువ గంటలు వేసుకున్నవాళ్ళకి ఎక్కువ మేలు జరిగింది.

మొదటి రోజునుంచే రికార్డు

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, మీకు ఆసక్తి ఉన్న ఒకటో రెండో జబ్బులకి రిజిస్ట్రీ, అంటే వచ్చిన ప్రతి పేషెంటు వివరాలూ ఏళ్ళ తరబడి రాసిపెట్టే రికార్డు, మొదలుపెట్టండి. అన్నిటికీ వద్దు, మూడు నెలల్లో చేతులెత్తేస్తారు.

ఒక పేజీ ఫారం చాలు. ఏ వైపు, వయసు నెలల్లో, మొదటి ఎక్స్‌రే కొలత, చికిత్స, వచ్చిన చిక్కులు, పిల్లాడు లేదా తల్లిదండ్రులు నింపే ఒక స్కోరు. కొలతని ఎలా కొలిచారో కూడా రాయాలి, లేకపోతే పదేళ్ళ తర్వాత ఇంకొకరు వేరేలా కొలుస్తారు. ఫోన్ నంబర్ ఒక్కటి ఎప్పుడూ చాలదు. తల్లిది, తండ్రిది, కనీసం ఇంకో దగ్గరి బంధువుది తీసుకోండి. కుటుంబాలు ఇళ్ళు మారతాయి, నంబర్లు మారతాయి, పిల్ల పెళ్ళయ్యాక పేరే మారిపోవచ్చు. పెద్దయ్యాక మిమ్మల్ని పిలిచి అడగొచ్చా అని మొదట్లోనే అనుమతి అడిగి రాసిపెట్టుకోండి. పిల్లాడికి అర్థం చేసుకునే వయసుంటే వాడికి కూడా వాడి మాటల్లో చెప్పి ఒప్పించాలి, తల్లిదండ్రుల సంతకం ఉన్నా సరే. పద్దెనిమిదేళ్ళు నిండాక ఆ అనుమతి మళ్ళీ వాళ్ళనుంచే తీసుకోవాల్సి ఉంటుంది.

రిజిస్ట్రీ వల్ల ఏమొస్తుందో స్వీడన్ చూపించింది. సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో తుంటి నెమ్మదిగా, నొప్పి తెలియకుండా జారిపోతుంది. నొప్పి మొదలయ్యేసరికి చాలా ఆలస్యమై ఉంటుంది. 1994లో అక్కడి దక్షిణ ప్రాంతంలో ఆ పిల్లలందరినీ నమోదు చేసి, క్రమం తప్పకుండా ఎక్స్‌రే తీసి, తొడ ఎముక తల (బంతి) తుంటి గిన్నెలోంచి ఎంత శాతం బయటికి వచ్చిందో కొలిచి, జారుతుంటే ముందే సరిచెయ్యడం మొదలుపెట్టారు. అంతకుముందు సుమారు 9 శాతం పిల్లల్లో తుంటి పూర్తిగా జారిపోయేది, అది ఒక శాతం లోపుకి వచ్చింది. ఇందులో కొత్త ఆపరేషన్ ఏదీ లేదు. క్రమం తప్పకుండా చూడటం, రాసుకోవడం, ఫిజియోథెరపిస్టూ సర్జనూ ఒకే కాగితం మీద పనిచెయ్యడం, అంతే.

చిక్కులని దాచొద్దు. ఇన్ఫెక్షన్ వస్తే రాయండి, వైరు నరానికి తగిలితే రాయండి, మళ్ళీ ఆపరేషన్ పడితే రాయండి. మంచి కేసులే ఏరుకుని వేసిన పేపర్ చదివి ఎక్కడో ఒక సర్జన్ అదే ఆపరేషన్ చేస్తాడు, ఇబ్బంది పడేది ఒక పిల్లాడు.

టైమ్, ఉద్యోగం, పేపర్లు

ఉద్యోగానికి ఒప్పుకునేముందు పరిశోధనకి వారానికి ఎన్ని గంటలు ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. "చూద్దాంలే, మీకు కావాల్సినంత టైమ్ ఉంటుంది" అంటే ఉండదని అర్థం. వారంలో కనీసం ఒక రోజు ఓటీ (ఆపరేషన్ థియేటర్), ఓపీ, డ్యూటీ లేకుండా ఉండాలి, ఆ రోజు రాత్రి కాల్ కూడా ఉండకూడదు. స్టాటిస్టిక్స్ తెలిసిన మనిషి, డేటా ఎక్కించే మనిషి అందుబాటులో ఉన్నారో లేదో కూడా అప్పుడే కనుక్కోండి. నెల జీతంలో కొంచెం తేడా కన్నా ఒక మంచి రీసెర్చ్ కోఆర్డినేటర్ మీ కెరీర్‌కి ఎక్కువ మేలు చేస్తుంది.

స్టాటిస్టీషియన్ దగ్గరికి డేటా పట్టుకుని వెళ్ళడం చాలామంది చేసే పొరపాటు. ప్రశ్న పట్టుకుని వెళ్ళాలి, ఒక్క పేషెంటునీ చేర్చుకోకముందే. ట్రయల్ అయితే మొదలుపెట్టేముందే రిజిస్టర్ చెయ్యాలి, లేకపోతే మంచి పత్రికలు తీసుకోవు. రచయితలెవరో, వరుస ఏమిటో కూడా ముందే మాట్లాడుకోండి. అంతర్జాతీయ మెడికల్ పత్రికల సంపాదకుల సంఘం నియమాలు తేటగా ఉన్నాయి: పనిలో నిజమైన పాత్ర, రాయడంలోనో దిద్దడంలోనో భాగం, చివరి ప్రతికి ఒప్పుదల, మొత్తానికి బాధ్యత. నాలుగూ ఉంటేనే రచయిత. విభాగాధిపతి అన్న ఒక్క కారణంతో పేరు పెట్టమని ఒత్తిడి వస్తే ఆ నియమం చూపించడం తేలిక, గొడవ మనిషితో కాకుండా కాగితంతో అవుతుంది.

పత్రికల సంగతి త్వరగా చెప్పేస్తాను. జర్నల్ ఆఫ్ పీడియాట్రిక్ ఆర్థోపెడిక్స్, జర్నల్ ఆఫ్ చిల్డ్రన్స్ ఆర్థోపెడిక్స్ ఈ రంగంవాళ్ళు చదివేవి. పోస్నా (ఉత్తర అమెరికాది), ఈపోస్ (యూరప్‌ది) లాంటి పిల్లల ఆర్థోపెడిక్ సంఘాల సమావేశాలకి వెళ్ళండి. మొదట్లో ప్రెజెంటేషన్ ఇవ్వడం కన్నా కాఫీ టైములో జరిగే మాటలే ఎక్కువ ఉపయోగపడతాయి, బహుళ కేంద్రాల అధ్యయనాలన్నీ అక్కడే పుడతాయి. వాళ్ళిచ్చే చిన్న గ్రాంట్లతో మొదలుపెడితే, పెద్దవి అడిగేటప్పుడు చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. కంపెనీలతో సంబంధం ఉంటే దాచకుండా ప్రతి పేపర్‌లో, ప్రతి స్లయిడ్‌లో చెప్పండి.

నేర్పడం

అకడమిక్ సర్జన్ దగ్గర ఒక పీజీ ఉంటాడు, ఆ పీజీ చేతిలో ఒక పిల్లాడి చెయ్యి ఉంటుంది. ఈ రెండిటి మధ్య తూకం నేర్పడంలో అసలు కష్టం. ఓటీలోకి వెళ్ళకముందే హద్దు చెప్పెయ్యాలి: "మోచేయి సర్దడం నువ్వు చేస్తావు, రెండు ప్రయత్నాల్లో కుదరకపోతే నేను తీసుకుంటాను". ముందే చెప్పినప్పుడు మీరు చెయ్యి చాపితే అతనికి చిన్నతనంగా ఉండదు. గ్రోత్ ప్లేట్ గుండా వైరు మళ్ళీ మళ్ళీ దూర్చడం ఎందుకు మంచిది కాదో కూడా అప్పుడే చెప్తే చెవికెక్కుతుంది.

ఓటీ బయట నేర్పేదే ఎక్కువ. మోచేయి విరిగి ఏడుస్తున్న ఐదేళ్ళ పిల్లాడి నరాలు ఎలా చూస్తారు? బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి సున్నా చుట్టమంటే ఒక నరం, బొటనవేలు పైకెత్తమంటే ఇంకోటి, వేళ్ళు కత్తెరలా ఆడించమంటే మూడోది. ఇది ఆపరేషన్ ముందే చూసి, టైమ్ వేసి రాయాలి. తర్వాత చూస్తే నరం దెబ్బ పడినప్పటిదా, వైరు వల్ల వచ్చిందా ఎవరూ చెప్పలేరు. పిల్లల్లో కండరాల లోపల ఒత్తిడి పెరిగే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్‌ని పట్టుకోవడం ఇంకా కష్టం. పెద్దవాళ్ళలా వాళ్ళు నొప్పి ఫలానా చోట అని చెప్పరు. ఆందోళన, కుదురు లేకపోవడం, నొప్పి మందు అంతకంతకీ ఎక్కువ అడగడం, ఈ మూడూ కనిపిస్తే రాత్రి ఎంతైనా నాకు ఫోన్ చెయ్యమని ప్రతి కొత్త బ్యాచ్‌కీ చెప్తాను, నర్సులకి కూడా చెప్తాను. వాళ్ళే ముందు గమనిస్తారు.

ఇంకొకటి కూడా నేర్పాలి, ఎవరికీ నేర్పబుద్ధి కాకపోయినా. నడక రాని పిల్లాడికి తొడ ఎముక విరిగిందంటే ఎలా విరిగిందో ఆగి ఆలోచించాలి. చెప్పిన కథకీ గాయానికీ పొంతన లేకపోతే పిల్లల డాక్టరునీ, బాలల రక్షణ బృందాన్నీ పిలవాలి. ఎవరినీ నిందించక్కర్లేదు, కానీ చూసీ చూడనట్టు ఊరుకోకూడదు. ఊరుకుంటే ఆ పిల్లాడు ఇంతకంటే పెద్ద దెబ్బతో మళ్ళీ వస్తాడు, అసలు రాకపోనూ వచ్చు.

ఒళ్ళు, మనసు

ఆపరేషన్ చేస్తూ ఎక్స్‌రే చూపించే సీ-ఆర్మ్ యంత్రం దగ్గర ఏళ్ళ తరబడి నిలబడే ఉద్యోగం. సీసపు ఏప్రన్, థైరాయిడ్ కాలర్ లేకుండా ఒక్క షాట్ కూడా వద్దు, మీకూ మీ పీజీకీ. పిల్లలకి రేడియేషన్ తక్కువ వాడటం అలవాటు చేసుకుంటే మీకూ తక్కువే తగులుతుంది. గర్భంతో ఉన్న ట్రైనీలకి డ్యూటీ ఎలా మార్చాలో విభాగంలో ముందే రాసిపెట్టి ఉండాలి, ఒక్కొక్కరూ వెళ్ళి బతిమాలుకునే పరిస్థితి ఉండకూడదు.

మనసు సంగతి. ఎముక క్యాన్సర్ వచ్చిన పదకొండేళ్ళ పిల్ల కాలు తీసెయ్యాలని చెప్పాల్సిన రోజు వస్తుంది. అలాంటి రోజున సాయంత్రం ఇంకో కన్సల్టెంట్‌తో పది నిమిషాలు కూర్చుని మాట్లాడండి. దీన్ని బలహీనత అనుకునే విభాగాల్లో మనుషులు నిలవరు. మెంటార్ ఒక్కరే ఉండాలని కూడా లేదు. ఆపరేషన్‌కి ఒకరు, పరిశోధనకి ఒకరు, ఇలాంటి రోజులకి ఇంకొకరు ఉన్నా మంచిదే.

పదిహేనేళ్ళ తర్వాత

అప్పటికి మీ మొదటి పేషెంట్లు పెద్దవాళ్ళవుతూ ఉంటారు. సెరెబ్రల్ పాల్సీ, ఎముకలు పెళుసుగా ఉండే జబ్బు, పుట్టుకతో వచ్చిన తుంటి సమస్యలు ఉన్నవాళ్ళకి పద్దెనిమిదేళ్ళు నిండగానే పిల్లల హాస్పిటల్ తలుపులు మూసుకుంటాయి, పెద్దల హాస్పిటల్‌లో వాళ్ళ జబ్బు తెలిసినవాళ్ళు దొరకరు. పదహారేళ్ళప్పుడే పెద్దల సర్జన్‌ని మీ క్లినిక్‌కి పిలిపించి ఇద్దరూ కలిసి చూడటం మొదలుపెట్టండి. పేషెంటుకి మంచిది, మీ రిజిస్ట్రీ కూడా తెగిపోదు.

రిజిస్ట్రీని అప్పగించడం గురించి రిటైర్‌మెంటుకి ఐదారేళ్ళ ముందే ఆలోచించాలి. ఎథిక్స్ అనుమతి మీ ఒక్కరి పేరు మీదే ఉంటే మీరు వెళ్ళిన రోజున అది ఆగిపోతుంది, కాబట్టి ఇంకో పేరు చేర్పించండి. ప్రతి కాలమ్‌లో ఉన్నదేమిటో, దాన్ని ఎలా కొలిచారో, ఏ ఏడాదినుంచి కొలిచే తీరు మారిందో రాసిన ఒక పత్రం తయారుచెయ్యండి. పాత ఫిల్ములు స్కాన్ చేయించండి, ఎందుకంటే గది ఖాళీ చెయ్యాల్సి వస్తే మొదట పోయేవి అవే. ఏ ఏడాది ఏ బ్యాచ్ పేషెంట్లని పిలవాలో రాబోయే ఇరవై ఏళ్ళకి క్యాలెండర్ వేసి ఇవ్వండి. పేషెంట్లు నింపిన స్కోరు ఏ వెర్షనో కూడా దాని పక్కనే రాయండి, మధ్యలో అది కనీసం ఒకసారి మారే ఉంటుంది.